దుర్గాబాయి గారు చేసింది రాజకీయం (విజయవాడ ప్రసంగ పాఠం)

(విజయవాడలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు చదువుకోడానికి రికార్డింగ్ విని టైప్ చేశాం. మాట్లాడిన తీరు మార్చలేదు, తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకొచ్చి కూర్చోండి, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ మూలకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, నేను గొంతు పెంచుతాను. ఈ ఎండల్లో బందరు రోడ్డు ట్రాఫిక్కు దాటుకుని ఇంతమంది వచ్చారు, అందులో సగానికి పైగా ఆడవాళ్లు, నాకు చాలా సంతోషంగా ఉంది.

నేను ఇవాళ దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి గురించి మాట్లాడదామని వచ్చాను. పేరు తెలియనివాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరు. కానీ ఆవిడ ఎవరండీ అని అడిగితే ఏం చెప్తాం? సంఘసేవకురాలు, ఆంధ్ర మహిళా సభ పెట్టిన ఆవిడ, చిన్నప్పుడు నెహ్రూ గారిని టికెట్ లేదని గేటు దగ్గర ఆపేసిన ఆవిడ. అంతే. పిల్లల పుస్తకాల్లోనూ అంతే, జయంతి రోజున దండ వేసి మాట్లాడే మాటల్లోనూ అంతే. సంఘసేవకురాలు అనడం తప్పని నేను అనను, ఆవిడ చేసిన సేవ తక్కువదేం కాదు. కానీ నాకు ఎప్పట్నుంచో ఒక బాధ ఉందండి, ఒక మగాయన బోర్డు పెట్టి, బడ్జెట్ తెచ్చి, చట్టంలో ఒక మాట మార్పించి, ఢిల్లీలో కమిటీ నడిపితే ఆయన్ని రాజనీతిజ్ఞుడు అంటాం. అదే పని ఒక ఆవిడ చేస్తే సేవ చేసింది పాపం అంటాం. ఎందుకండీ ఈ తేడా? దుర్గాబాయి గారు చేసింది రాజకీయం. పక్కా రాజకీయం. అది చెప్పడానికే వచ్చాను.

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు, పెరిగింది ఎక్కువగా కాకినాడలో. ఎనిమిదేళ్లకి పెళ్లి చేశారు. ఆ సంగతి తర్వాత చెప్తాను, ముందు 1921 దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే అది మన ఊరి నుంచి మొదలవుతుంది.

1921 మార్చి 31, ఏప్రిల్ 1, ఇక్కడే, మన బెజవాడలో, అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. పింగళి వెంకయ్య గారు గాంధీ గారికి జెండా చూపించింది ఆ సందర్భంలోనే, అది మనందరికీ తెలుసు. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానం చేసింది కూడా ఇక్కడే. ఆ మీటింగు అయ్యాక గాంధీ గారు అటు గోదావరి జిల్లాల వైపు బయల్దేరారు. కాకినాడ వస్తున్నారని తెలిసింది. అక్కడ ఈ అమ్మాయి ఉంది. పన్నెండో ఏడు నడుస్తోంది, అంతే.

ఆ వయసు పిల్ల ఏం కోరుకుంటుందండీ? గాంధీ గారిని దగ్గరగా చూడాలి, దణ్ణం పెట్టాలి, మహా అయితే దండ వెయ్యాలి. ఈ అమ్మాయి ఏం కోరుకుందంటే, ఊళ్లో ఉన్న దేవదాసీలు గాంధీ గారిని కలవాలి అని. అలాగే పరదాలో ఉండే ముస్లిం ఆడవాళ్లు కూడా. వాళ్లు మామూలు బహిరంగ సభకి రాలేరు కదా, వచ్చినా ఎవరు పక్కన కూర్చోనిస్తారు ఆ రోజుల్లో? అందుకని వాళ్ల కోసం విడిగా మీటింగు పెట్టాలంది. ఊళ్లో కాంగ్రెస్ పెద్దల దగ్గరికి వెళ్లి అడిగింది. వాళ్లు, ఐదు వేల రూపాయలు నిధికి ఇస్తే గాంధీ గారు ఓ పది నిమిషాలు వస్తారు అన్నారు. ఐదు వేలు అంటే 1921లో మాటలు కాదు. పిల్ల వెళ్లి ఆ దేవదాసీలకి విషయం చెప్పింది. వాళ్లు ఐదు వేలు పోగు చేశారండి. వాళ్లే!

చోటు కావాలిగా, స్కూలు ఆవరణ అడిగి తీసుకుంది. గాంధీ గారు వచ్చారు. పది నిమిషాలన్నది ఎక్కడికో పోయింది, చాలాసేపు ఉండిపోయారు. ఆయన హిందీలో మాట్లాడుతుంటే ఈ అమ్మాయి పక్కన నిలబడి తెలుగు చెప్పింది. ఆడవాళ్లు గాజులు, గొలుసులు తీసి ఇచ్చేశారు. మొత్తం కలిపి పాతిక వేల దాకా అయిందని చెప్తారు.

ఇక్కడితో అయిపోలేదు. అక్కణ్ణుంచి గాంధీ గారు పెద్ద సభకి వెళ్లాలి, ఆ అమ్మాయిని కూడా తన కారెక్కమన్నారు. ఆ సభలో అనువాదం చెయ్యాల్సింది ఎవరో తెలుసా? మన గుంటూరు పెద్దాయన, దేశభక్త కొండా వెంకటప్పయ్య గారు. ఆయన లేవబోతుంటే గాంధీ గారు, ఇవాళ దుర్గ చెప్తుంది అన్నారట. వెంకటప్పయ్య గారు కూర్చున్నారు, పన్నెండేళ్ల పిల్ల వేలమంది ముందు నిలబడింది. గుంటూరు నుంచి వచ్చినవాళ్లు ఉంటే ఈ సంగతి మీ పిల్లలకి తప్పకుండా చెప్పండి.

నేను ఈ కథ ఇంత సాగదీసి ఎందుకు చెప్పానంటే, జాగ్రత్తగా చూడండి ఇందులో ఏముందో. ఎవరు బయట ఉండిపోయారో చూసింది. వాళ్లని లోపలికి తీసుకురావాలంటే ఎవరి పర్మిషన్ కావాలో కనుక్కుంది. వాళ్లు పెట్టిన షరతు ఏంటో విని, దాన్ని పూర్తి చేసింది. ఎవరి కోసం చేస్తుందో వాళ్లనే ఆ పనిలో కలుపుకుంది. ఇది భక్తి కాదండి. ఇది రాజకీయ కార్యకర్త చేసే పని. ఆ తర్వాత అరవై ఏళ్లు ఆవిడ చేసింది ఇదే.

నెహ్రూ గారి టికెట్ కథ అందరికీ తెలుసు కాబట్టి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1923 కాకినాడ కాంగ్రెస్, అక్కడ ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరు డ్యూటీ, టికెట్ లేనివాళ్లని పంపొద్దన్నారు, నెహ్రూ గారి దగ్గర టికెట్ లేదు, ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి టికెట్ తెచ్చి ఇచ్చాకే పంపింది. నెహ్రూ గారు మెచ్చుకున్నారు. మనం దీన్ని ముద్దుగా చెప్పుకుంటాం. కానీ అప్పటికే ఆ అమ్మాయి కాకినాడలో ఆడపిల్లలకి హిందీ బడి నడుపుతోంది, ఆ మహాసభకి వాలంటీర్లుగా వచ్చే ఆడవాళ్లకి హిందీ నేర్పింది, వాళ్లమ్మ గారు కూడా నేర్చుకున్నవాళ్లలో ఉన్నారు. ఆ సంగతి ఎవరూ చెప్పరు. టికెట్ ఒక్కటే గుర్తు పెట్టుకున్నాం.

ఇప్పుడు పెళ్లి సంగతి. ఎనిమిదేళ్లకి చేసిన పెళ్లి, కాపరానికి పంపే వయసు వచ్చేసరికి ఆవిడ నేను వెళ్లను అన్నారు. తండ్రి, తమ్ముడు ఆవిడ వైపు నిలబడ్డారు. ఆ రోజుల్లో తండ్రి కూతురి వైపు నిలబడ్డం అంటే ఊరంతటితో తగువు పెట్టుకోడమే. ఆ భర్త తర్వాత ఇంకో పెళ్లి చేసుకున్నారు. ఆయన పోయాక ఆ రెండో ఆవిడ ఒంటరిదైపోతే, ఆమెకి అండగా నిలబడింది కూడా దుర్గాబాయి గారే. దీని మీద నేను వ్యాఖ్యానం చెయ్యను, మీరే ఆలోచించుకోండి.

1930లో ఉప్పు సత్యాగ్రహం. ప్రకాశం పంతులు గారు వాళ్లతో కలిసి మద్రాసులో దిగారు. పంతులు గారిని అరెస్టు చేశాక కూడా ఆవిడ ముందుండి నడిపించారు, ఇరవై ఏళ్ల మనిషి. 1930 నుంచి 33 లోపల మూడుసార్లు జైలు. వెల్లూరు జైలు, మధురై జైలు. మధురైలో ఒంటరి గదిలో పెట్టారు, అక్కడే ఆరోగ్యం బాగా దెబ్బతింది.

జైల్లో ఆవిడ ఏం చూశారో అది చాలా ముఖ్యం. రాజకీయ ఖైదీలు వేరు, మామూలు నేరాల మీద వచ్చిన ఆడవాళ్లు వేరు. ఆ మామూలు ఖైదీలతో మాట్లాడితే ఏం తెలిసిందంటే, వాళ్లలో కొందరు అసలు ఆ నేరం చెయ్యనేలేదు. కోర్టులో ఏం అడుగుతున్నారో అర్థం కాలేదు, చదువు లేదు, వకీలు లేడు, ఒప్పుకో అంటే ఒప్పుకున్నారు. అంతే, శిక్ష పడిపోయింది. బయటికి వెళ్లాక లా చదవాలి అన్న ఆలోచన ఆవిడకి అక్కడ పుట్టింది.

లా చదవాలంటే డిగ్రీ కావాలి. డిగ్రీకి మెట్రిక్ కావాలి. ఆవిడ దగ్గర ఏముంది? చిన్నప్పుడే ఇంగ్లీషు చదువు వద్దని స్కూలు మానేసిన మనిషి. పాతికేళ్ల వయసులో మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టారు. ప్రైవేటుగా కట్టుకోవచ్చని బనారస్ మెట్రిక్ కట్టారు, పాసయ్యారు. ఇంటర్ అయ్యింది. తర్వాత వాల్తేరు, ఆంధ్రా యూనివర్సిటీ. అక్కడ ఏమన్నారంటే, అమ్మాయిలకి హాస్టల్ లేదమ్మా, సీటు ఎలా ఇస్తాం అన్నారు. ఇప్పటికీ మన పిల్లలు వినే మాటేగా ఇది? హాస్టల్ లేదు, బస్సు లేదు, టాయిలెట్ లేదు. అప్పుడు ఆవిడేం చేశారో తెలుసా, పేపర్లో ప్రకటన వేశారు. వాల్తేరులో చదువుకోవాలనుకుని హాస్టల్ లేక ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే నాకు రాయండి అని. రాశారు. వాళ్లందరూ కలిసి తామే ఒక హాస్టల్ పెట్టుకున్నారు. సీట్లు వచ్చాయి. పొలిటికల్ సైన్స్ చదివి, తర్వాత మద్రాసులో లా చదివి, 1942కల్లా వకీలయ్యారు. క్రిమినల్ కేసులు వాదించారు.

ఈ మధ్యలోనే మద్రాసు మైలాపూరులో ఆవిడ చుట్టూ ఆడపిల్లలు చేరారు. లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్ అని చిన్న క్లబ్బు. తను ఏ బనారస్ మెట్రిక్ కట్టారో అదే పరీక్షకి వాళ్లనీ కూర్చోబెట్టి చదివించారు. అదే పెరిగి పెరిగి 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. తర్వాత ఆస్పత్రులు, నర్సింగు ట్రైనింగు, కాలేజీలు, హైదరాబాద్‌లో మీరు చూసే ఉంటారు. కానీ మొదలు మాత్రం ఒక పరీక్ష. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లని ఒక పరీక్ష గట్టెక్కించడం. దీన్ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. 1946. రాజ్యాంగ సభ. దేశం మొత్తం మీద పదిహేనుమంది ఆడవాళ్లు ఉన్నారు అందులో. మద్రాసు నుంచి అమ్ము స్వామినాథన్ గారు, దాక్షాయణి వేలాయుధన్ గారు, మన దుర్గాబాయి గారు. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపించడానికి ప్యానెల్ ఆఫ్ ఛైర్మెన్ అని ఉంటుంది కదా, అందులో ఉన్న ఒకే ఒక్క మహిళ ఈవిడ. రూల్స్ తెలియని మనిషిని ఆ ప్యానెల్లో వెయ్యరండి. సభా నియమాలు, సవరణ ఎలా పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎవర్ని ఒప్పించాలి, ఇవన్నీ తెలిసిన మనిషి.

ఇక్కడ లా చదివే పిల్లలు ఎవరైనా ఉన్నారా? ఆ, ఉన్నారు, బాగుంది. మీ రాజ్యాంగం పుస్తకంలో 25వ అధికరణం తీయండి, ఇంటికెళ్లాక తీయండి. రెండో క్లాజు, బి. పబ్లిక్ హిందూ ధార్మిక సంస్థలు, అంటే గుళ్లు లాంటివి, వాటిని హిందువుల్లో అన్ని తరగతులకీ, అన్ని వర్గాలకీ తెరవడానికి ప్రభుత్వం చట్టం చెయ్యొచ్చు అని ఉంటుంది. ముసాయిదాలో అలా లేదు. ఏదైనా ఒక తరగతికి లేదా వర్గానికి అన్నట్టు ఉంది. 1948 డిసెంబరులో ఆ అధికరణం చర్చకి వచ్చినప్పుడు, అలా కాదు, అన్ని తరగతులకీ అన్ని వర్గాలకీ అని మార్చండి అని సవరణ పెట్టింది దుర్గాబాయి గారు. సభ ఒప్పుకుంది. తేడా ఏముంది అంటారా? చాలా ఉందండి. ఏదో ఒక వర్గానికి తలుపు తీసి, చూశారా తీశాం కదా అని మిగతావాళ్లని బయట నిలబెట్టే వీలుంది మొదటి దాంట్లో. రెండో దాంట్లో ఆ వీల్లేదు. ఆవిడ ఆ రోజు ఏడుస్తూ ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు, చాలా చిన్న ప్రసంగం. రెండు మూడు మాటలు మార్చారు, కూర్చున్నారు. ఇవాళ్టికీ ఆ మాటలు అలాగే ఉన్నాయి.

ఇంకోటి. రాజ్యసభకి పోటీ చెయ్యాలంటే ఎన్నేళ్లు ఉండాలి? ఎవరైనా చెప్పండి. ముప్ఫై, కరెక్ట్. ముసాయిదాలో ముప్ఫై ఐదు ఉంది. 1949 మేలో చర్చకొచ్చింది. ముప్ఫై చాలు అని సవరణ పెట్టింది ఈవిడే. తెలివి వయసుని బట్టి రాదు, ఇప్పటి యువత చదువుకుంటున్నారు, ప్రజా విషయాలు వాళ్లకి బాగా తెలుసు అన్నది ఆవిడ వాదన సారాంశం. అదీ నెగ్గింది. ఇవాళ ముప్ఫై రెండేళ్లకి, ముప్ఫై మూడేళ్లకి ఎవరైనా రాజ్యసభలో అడుగు పెడుతున్నారంటే ఆ దారి వేసింది ఒక తెలుగు ఆవిడ. ఆ ఎంపీల్లో ఎంతమందికి తెలుసో మరి.

భాష గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1949 సెప్టెంబరు, భాషల మీద చర్చ, సభ అంతా వేడి మీద ఉంది. ఈవిడ ఎవరు? పన్నెండేళ్లకే హిందీ నేర్చుకుని, బడి పెట్టి, గాంధీ గారికి అనువాదం చేసిన మనిషి. హిందీ అంటే వ్యతిరేకత ఉన్న మనిషి కాదు. అలాంటి ఆవిడ లేచి హిందీ ప్రాంతం పెద్దలతో గట్టిగానే మాట్లాడారు. మేం దక్షిణాదిలో ఎంతో ఇష్టంగా ఈ భాష నేర్చుకున్నాం, నేర్పించాం, మీరు ఇప్పుడు చూపిస్తున్న ఈ దూకుడు చూస్తే ఆ ఇష్టం మీద దెబ్బ కొట్టినట్టు ఉంది అని. మాటలు నావి, భావం ఆవిడది. ఆవిడ అడిగింది హిందుస్తానీ, అందరికీ అర్థమయ్యే భాష. తను ప్రేమించిన దాని విషయంలోనే, తన వాళ్లతోనే, తప్పు అని చెప్పగలగడం అంత తేలిక కాదండి.

ఇంత చేశాక, 1952లో మొదటి జనరల్ ఎన్నికలు వచ్చాయి. ఆవిడ లోక్‌సభకి నిలబడ్డారు. ఓడిపోయారు.

అవును, ఓడిపోయారు. రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్న మనిషిని జనం గెలిపించలేదు. మన దగ్గర రాజకీయం అంటే గెలవడం ఒక్కటే కదా, ఓడిపోతే ఇక ఆ పేరు అక్కడితో సరి, ఫ్లెక్సీల్లోంచి కూడా తీసేస్తారు. అందుకే చాలామంది ఆవిడ కథని ఇక్కడ తుంచేసి, ఆ తర్వాత సేవా కార్యక్రమాల్లో నిమగ్నమయ్యారు అని ఒక్క లైను రాస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆవిడ అతి పెద్ద రాజకీయం ఆ ఓటమి తర్వాతే చేశారు.

ఏం చేశారు? నెహ్రూ గారు ప్లానింగ్ కమిషన్లోకి తీసుకున్నారు. మొదటి పంచవర్ష ప్రణాళిక. అందరూ ఆనకట్టలు, కరెంటు, వ్యవసాయం గురించి మాట్లాడుతున్న రోజులు. మనకి నాగార్జున సాగర్ కావాలి, దేశానికి భాక్రా కావాలి, నిజమే, కావాలి. ఆ టేబుల్ దగ్గర కూర్చుని, ఆడవాళ్లకీ పిల్లలకీ వికలాంగులకీ కూడా ప్లాన్‌లో డబ్బు ఉండాలి, దానం కింద కాదు, ప్లాన్ కింద ఉండాలి అన్నది దుర్గాబాయి గారు. నాలుగు కోట్ల రూపాయలు పెట్టించారు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు వచ్చింది, మొదటి ఛైర్‌పర్సన్ ఆవిడే. ఊళ్లల్లో చిన్నచిన్న మహిళా మండళ్లు, బాలవాడీలు, అనాథ శరణాలయాలు నడిపేవాళ్లకి అప్పటిదాకా ఎవరు డబ్బులిచ్చారు? జమీందారు గారి భార్యో, షావుకారు గారో దయ తలిస్తే. ఇప్పుడు ప్రభుత్వం డబ్బు, ఒక పద్ధతి ప్రకారం, నేరుగా. రాష్ట్రాల్లో కూడా బోర్డులు, వాటిల్లో అనధికార మహిళలు. అంటే ఆఫీసర్లు మాత్రమే కాదు, ఊళ్లో పనిచేసే ఆడవాళ్లు కూడా డబ్బు ఎక్కడికి పోవాలో తేల్చే చోట కూర్చున్నారు. ఇది సేవ అంటారా? ఇది అధికారం పంచడం కాదా?

ఇందాక గుర్తు పెట్టుకోమన్నాను, బనారస్ మెట్రిక్. అది మళ్లీ వచ్చింది. 1958లో ఆ బోర్డు తరఫున కండెన్స్‌డ్ కోర్సులు మొదలయ్యాయి. చదువు ఆగిపోయిన పెద్ద వయసు ఆడవాళ్లని కూర్చోబెట్టి, తక్కువ కాలంలో, రెండేళ్లలో, పరీక్ష పాస్ చేయించడం. మైలాపూరులో ఇంట్లో నడిపిన క్లాసు దేశం మొత్తానికి స్కీమ్ అయింది. ఇది నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదండి. మా పిన్ని, తెనాలి దగ్గర పల్లెటూరు, పదిహేనేళ్లకి పెళ్లయి ఇరవై మూడేళ్లకి భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. ఆవిడ ఈ కోర్సులో చేరి మెట్రిక్ పాసయ్యింది. కొడుకుని ఒళ్లో పడుకోబెట్టుకుని లెక్కలు చేసుకునేదట, వాడు నిద్రలో కాలితో తంతే సిరాబుడ్డి ఒలికి నోటుబుక్కు అంతా పాడైందట, ఆ నోటుబుక్కు ఆవిడ పోయేదాకా ట్రంకు పెట్టెలో దాచుకుంది, నేను చూశాను, నీలం మరక మధ్యలో భిన్నాలు. తర్వాత బాలవాడీ టీచరయ్యింది. తన జీతంతో తమ్ముడి కూతుళ్లని కూడా చదివించింది. ఆవిడ ఎప్పుడూ ఎవరికీ చెయ్యి చాపలేదు. దుర్గాబాయి గారి పేరు ఆవిడకి బాగా తెలుసు, ఫొటో కూడా పెట్టుకుంది గోడకి. ఆవిడకి ఎవరూ సేవ చెయ్యలేదండి, ఆవిడకి రావాల్సింది వచ్చింది.

అదే ఏడు, 1958లో, స్త్రీ విద్య మీద జాతీయ కమిటీ వేస్తే దానికీ ఈవిడే అధ్యక్షురాలు. 59లో రిపోర్టు ఇచ్చారు. మామూలుగా విద్యలో అమ్మాయిలు కూడా ఉంటారు కదా అని వదిలేస్తే కుదరదు, దీన్ని విడిగా ఒక పెద్ద సమస్యగా చూడాలి, విడిగా డబ్బు, విడిగా యంత్రాంగం ఉండాలి అన్నారు. జాతీయ మహిళా విద్యా మండలి అలా వచ్చింది, దానికి మొదటి అధ్యక్షురాలు కూడా ఆవిడే. టీచర్ ట్రైనింగు చేసినవాళ్లకి దుర్గాబాయి కమిటీ అంటే తెలుస్తుంది, రెండు మార్కుల ప్రశ్న అది.

దేశ్‌ముఖ్ గారితో పెళ్లి గురించి చెప్పలేదేంటి అని చూస్తున్నారు మీరు. 1953 జనవరి 22. సి.డి.దేశ్‌ముఖ్ గారు అప్పుడు ఆర్థిక మంత్రి, అంతకుముందు రిజర్వు బ్యాంకుకి మొదటి భారతీయ గవర్నరు. రిజిస్టర్ పెళ్లి, నెహ్రూ గారు సాక్షి సంతకం పెట్టారు. ఇద్దరూ బాగా కలిసి పనిచేశారు. అయితే ఒకటి గమనించండి, రాజ్యాంగ సభ పని, జైళ్లు, లా, మహిళా సభ, ఇవన్నీ ఈ పెళ్లికి ముందువి. ఆర్థిక మంత్రి భార్య కాబట్టి ఆవిడకి పదవులు వచ్చాయి అని ఎవరైనా అంటే తేదీలు చూపించండి చాలు. నాతో అన్నవాళ్లు ఉన్నారు, అందుకే చెప్తున్నాను.

1953లోనే చైనా వెళ్లొచ్చారు. అక్కడ కుటుంబ తగాదాలకి విడిగా కోర్టులు ఎలా నడుస్తున్నాయో చూసి వచ్చి, మనకీ కావాలి అని మొదలుపెట్టారు. నెహ్రూ గారితో మాట్లాడారు, చాగ్లా గారితో, గజేంద్రగడ్కర్ గారితో, పెద్ద పెద్ద జడ్జీలతో మాట్లాడారు. వెల్లూరు జైల్లో ఆవిడ చూసిన ఆడవాళ్లు గుర్తున్నారుగా, కోర్టులో ఏం జరుగుతోందో అర్థం కాక జైలుకి వచ్చినవాళ్లు? ఆ ఆలోచన ఆవిడ్ని వదల్లేదు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. ఆవిడ 1981 మే 9న పోయారు. మూడేళ్లు తేడా. ఇవాళ మన విజయవాడలో ఫ్యామిలీ కోర్టు ఉంది, అక్కడ బెంచీల మీద పొద్దున్నుంచీ కూర్చుని ఉండే ఆడవాళ్లని మీరు చూసే ఉంటారు. ఆ కోర్టులు ఎంత బాగా నడుస్తున్నాయి, వాయిదాల మీద వాయిదాలు పడటం లేదా అంటే పడుతున్నాయి, అది వేరే గొడవ, దాని మీద ఇంకో రోజు కూర్చోవాలి.

పద్మవిభూషణ్ 1975లో ఇచ్చారు. ఢిల్లీ మెట్రోలో పింక్ లైను మీద ఆవిడ పేరుతో స్టేషన్ ఉంది, ఎవరైనా ఢిల్లీ వెళ్తే చూడండి, దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ అని. ఢిల్లీ యూనివర్సిటీ పిల్లలు రోజూ ఆ స్టేషన్లో దిగుతారు.

ఇక్కడ ముందు వరసలో కూర్చున్న వార్డు మెంబర్లు, సర్పంచులుగా చేసినవాళ్లు ఉన్నారు, మీతో ఒక్క మాట. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో ఆడవాళ్లకి సగం సీట్లు. 2023లో పార్లమెంటు, అసెంబ్లీలకి కూడా మూడో వంతు అని రాజ్యాంగ సవరణ చేశారు. సీట్లు వచ్చాయి, ఇంకా వస్తాయి. కానీ మీటింగులో తీర్మానం కాపీ మీ చేతికి ఇస్తున్నారా, మీ ఇంటాయన చేతికి ఇస్తున్నారా? సంతకం పెట్టేముందు చదవనిస్తున్నారా? నాకు కోపంగా అడగాలని లేదు, కానీ అడగకుండా ఉండలేకపోతున్నాను. దుర్గాబాయి గారికి కంప్యూటర్ లేదు, వాట్సాప్ లేదు, ఇంగ్లీషు స్కూలు చదువు లేదు, ఆవిడ ప్రతి క్లాజూ చదివేవారు. మీరూ చదవండి. అర్థం కాకపోతే నన్ను అడగండి, ఈ హాల్లో లాయర్లున్నారు, వాళ్లని అడగండి. వాళ్లు ఫీజు తీసుకోరు, నేను ముందే మాట్లాడి ఉంచాను.

చివరగా, చదువుకోవాలనుకునే పిల్లల కోసం ఒకటి చెప్పి ఆపేస్తాను. రాజ్యాంగ సభ చర్చలన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఫ్రీగా ఉన్నాయి. కానీ అందులో దేశ్‌ముఖ్ అని వెతికితే ఈవిడ దొరకరు, ఎందుకంటే అప్పటికి ఆ పెళ్లి అవ్వలేదు. జి.దుర్గాబాయి అని వెతకండి. 1948 డిసెంబరు, 1949 మే, 1949 సెప్టెంబరు, ఈ మూడూ ముందు చదవండి, తర్వాత మిగతావి. నోట్సు రాసుకోండి. వచ్చే నెల ఇక్కడే కూర్చుని మాట్లాడుకుందాం, ఈసారి నేను మాట్లాడను, మీరు మాట్లాడాలి.

ఇప్పుడు ప్రశ్నలు ఉంటే అడగండి. ఆ వెనకాల ఆకుపచ్చ చీరలో ఉన్న అమ్మ ఇందాకట్నుంచీ చెయ్యెత్తుతున్నారు, మైకు ముందు వాళ్లకి ఇవ్వండి.